రెండో స్టెప్నీ: ఎవరికి కావాలి, ఎక్కడ కట్టాలి

మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో తాండీ పెట్రోల్ బంకు బోర్డు ఫొటో చూడనివాళ్లు తక్కువ. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని ఉంటుంది. అది చూసి అందరూ డీజిల్ లెక్క వేసుకుంటారు, క్యాన్లు నింపుకుంటారు. టైర్ల లెక్క మాత్రం హైదరాబాద్‌లో బయల్దేరే రోజే "స్టెప్నీ ఉందిగా" అన్న ఒక్క మాటతో అయిపోతుంది. ఉంది, నిజమే. దాన్ని బిగించిన నిమిషం నుంచి తర్వాతి షాపు దాకా మీ దగ్గర ఇంకేమీ లేదు. రెండో స్టెప్నీ ఆ మధ్య దూరం కోసం.

ముందు, అక్కర్లేనివాళ్ల సంగతి. అరకు, లంబసింగి, మారేడుమిల్లి, నల్లమల ఘాట్ లాంటి చోట్లకి రెండో టైరు మోయడం దండగ. ఒక మంచి స్టెప్నీ, ప్లగ్ కిట్టు, చిన్న కంప్రెసరు ఉంటే చాలు. ఎన్‌హెచ్-44 మీద నాగపూర్ మీదుగా ఉత్తరానికి పోయే దారంతా లారీలదే, కాబట్టి పంక్చరు షాపులకు కొదవ లేదు. ఒక స్టెప్నీ వాడేశాక మళ్లీ టైరు పోతే షాపుకి వంద కిలోమీటర్లు దాటి ఉండటం, ఫోన్ పలక్కపోవడం, రోడ్డు పదునైన రాళ్లతో ఉండటం... ఈ మూడూ ఒకేచోట కలిసే దారుల్లోనే రెండోదాని గురించి ఆలోచించాలి. దార్చా దాటాక ఉప్షి దాకా అలాంటిదే. స్పితికి పోయే దారిలో గ్రాంఫూ నుంచి బాతల్ మీదుగా కుంజుమ్ కనుమ దాకా, లద్దాఖ్‌లో హాన్లే, ఉమ్లింగ్ లా వైపు కూడా అంతే. పైగా బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ లేకపోతే సిగ్నల్ ఉన్న ఊళ్లో కూడా సహాయానికి ఫోన్ చేయలేరు.

"ఒకే ట్రిప్పులో రెండు టైర్లు పోతాయా?" అని అడుగుతారు. ఒకే ట్రిప్పు కాదు, ఒకే సెకనులో పోతాయి. ముందు చక్రం ఏ రాయి అంచు మీదుగా పోయిందో, అదే పక్క వెనక చక్రం కూడా దాదాపు అదే గీత మీద వస్తుంది. తెగిన తారు అంచుకో, కల్వర్టు దగ్గర పైకి లేచిన ఇనుప చువ్వకో ఎడమ ముందు టైరు కోసుకుపోతే, మీరు బ్రేకు మీద కాలు వేసేలోపే ఎడమ వెనకదీ దాన్ని తాకుతుంది. రెండూ ఒకే పక్కన పోవడం అందుకే ఎక్కువ. రాళ్ల దారిలో వేగం గంటకు 25, 30 దాటకపోతే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

అక్కడ టైరు పోయే తీరు కూడా వేరు. మన ఊళ్లలో పంక్చరంటే మేకు. నేలకు ఆనే భాగం, అంటే ట్రెడ్ మీద చిన్న రంధ్రం. ప్లగ్ దూర్చి, గాలి కొట్టి వెళ్లిపోవచ్చు. రాళ్ల దారుల్లో కోత టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్ మీద పడుతుంది. ట్రెడ్ కింద ఉక్కు తీగల బెల్టులుంటాయి. సైడ్‌వాల్‌లో ఉండేది పలచటి దారాల పొర, పైన రబ్బరు, అంతే. పైగా చక్రం తిరిగే ప్రతి చుట్టుకీ అది వంగుతూ లేస్తూ ఉంటుంది. అందులో దూర్చిన ప్లగ్ నిలవదు. నిలిచినట్టు కనిపించినా, షాపు దాకా పది కిలోమీటర్లు నెమ్మదిగా నడిపించుకోవడానికి తప్ప నమ్మకూడదు. దారాలు తెగి సైడ్‌వాల్ మీద కోడిగుడ్డంత బుడిపె లేచినా ఆ టైరు అయిపోయినట్టే. ప్లగ్ కిట్టు ఉంది కదా, స్టెప్నీ ఎందుకనే వాదన ఇక్కడ చెల్లదు.

ముందు ఉన్న స్టెప్నీని చూసుకోండి

రెండోది కొనేముందు మొదటిది ఏమిటో చూడండి. 2020 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మారాయి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి పీడనం చూపే టీపీఎంఎస్, రిపేరు కిట్టు ఉన్న ప్యాసింజరు కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అందుకే ఇప్పుడు కొన్ని బండ్లలో, ముఖ్యంగా ఎలక్ట్రిక్ వాటిలో, డిక్కీ కింద టైరు బదులు జిగురు సీసా కనిపిస్తుంది. ఆ జిగురు సైడ్‌వాల్ కోతకు ఎందుకూ పనికిరాదు. అలాంటి బండికి మొదట కొనాల్సింది ఒకటో స్టెప్నీ.

ఇంకొన్నింటిలో సన్నటి తాత్కాలిక చక్రం ఇస్తారు. దాని మీదే 80 కిలోమీటర్ల వేగ పరిమితి రాసి ఉంటుంది. ఈ రకం టైర్లలో సాధారణంగా 60 పీఎస్ఐ గాలి ఉండాలి, మామూలు 33, 35 కాదు. గుంతల్లో దాని నేల పట్టు చాలా తక్కువ. మీ రిమ్ము సైజుతో నిండు చక్రం ఒకటి కొని దీన్ని ఇంట్లో వదిలేసి వెళ్లడమే మంచిది, అది పట్టే చోటు బండిలో ఉంటే. డిక్కీ గుంత కొలత ముందే తీసుకోండి. చాలా బండ్లలో సన్న చక్రానికి తవ్విన గుంతలో నిండు చక్రం కూర్చోదు.

ఇంకో రకం, నాలుగు చక్రాలూ 17 అంగుళాల అల్లాయ్, స్టెప్నీ మాత్రం 16 అంగుళాల ఇనప డిస్కు. 215/60 ఆర్17 టైరు మొత్తం ఎత్తు 690 మిల్లీమీటర్లు, 205/65 ఆర్16 ఎత్తు 673. తేడా 17 మిల్లీమీటర్లు. ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు (215/60 ఆర్17లో 215 వెడల్పు, 60 శాతం, 17 రిమ్ము అంగుళాలు): వెడల్పును శాతంతో హెచ్చించి, దాన్ని రెట్టింపు చేసి, రిమ్ము అంగుళాలను 25.4తో హెచ్చించి కలపాలి. రెండు చక్రాల డ్రైవు బండికి కొద్ది దూరం ఈ తేడా భరించదగ్గదే. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఆల్ వీల్ డ్రైవుకి మాత్రం ఇది పళ్లచక్రాలనూ క్లచ్‌నూ వేడెక్కించే వ్యవహారం.

స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్, ఇన్నోవాల్లో స్టెప్నీ బండి కింద గొలుసుకో కేబులుకో వేలాడుతుంది. అది బురద, తుప్పుతో బిగుసుకుపోవడం మామూలే. బయల్దేరడానికి వారం ముందు దాన్ని పూర్తిగా కిందికి దించి, గొలుసుకు గ్రీజు రాసి, గాలి చూసి, మళ్లీ ఎక్కించండి. దించే రాడ్డు ముక్కలన్నీ టూల్ సంచిలో ఉన్నాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండ్లలో తరచూ ఒక ముక్క ఉండదు.

రిమ్ముతోనా, ఉత్త టైరా

నా ఓటు ఉత్త టైరుకి. ఈ విషయంలో వాదనలు చాలా ఉన్నాయి కాబట్టి లెక్క చెప్తాను. 265/60 ఆర్18 చక్రం అల్లాయ్‌తో కలిపి దాదాపు 30 కిలోలు తూగుతుంది. అందులో టైరు ఒక్కటే సగానికి కాస్త ఎక్కువ. అల్లాయ్ రిమ్ము ధర తీసేస్తే ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. ఉత్త టైరు మధ్య ఖాళీలో మెత్తటి బట్టల సంచి, స్లీపింగ్ బ్యాగు దూరిపోతాయి కాబట్టి అది తినే చోటు కూడా తక్కువే.

దాన్ని వాడే తీరు ఇది. మొదటి టైరు పోగానే నిండు స్టెప్నీ బిగిస్తారు. ఇప్పుడు మీ దగ్గర చిరిగిన టైరున్న మంచి రిమ్ము ఒకటి, కొత్త టైరు ఒకటి ఉన్నాయి. లేహ్, కాజా, కేలాంగ్ లాంటి ఊరు రాగానే షాపులో చిరిగింది తీయించి కొత్తది ఎక్కిస్తే మళ్లీ స్టెప్నీ తయారు. "మీ సైజు లేదు సార్" అన్న మాటే వినాల్సిన పని లేదు. అక్కడి ట్యాక్సీలు వాడే సైజులు కొండల్లో దొరకొచ్చు, 18, 19 అంగుళాల కొత్త సైజులు దొరకడం కష్టం. ఆలస్యమంతా సైజు దొరక్కే.

ఉత్త టైరు చేతగానిదల్లా ఒక్కటే. పైన చెప్పిన ఒకే దెబ్బకి రెండు పోయే సందర్భంలో అది రోడ్డు పక్కన పనికిరాదు. ట్యూబ్‌లెస్ టైరు బీడును (రిమ్ముకి పట్టుకునే టైరు లోపలి అంచును) రిమ్ము నుంచి ఊడదీయాలంటే చాలా బలం కావాలి. కొత్తది ఎక్కించాక బీడు "టప్"మని రిమ్ము అంచుకు కూర్చోవాలంటే ఒక్కసారిగా బోలెడు గాలి రావాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలించే కంప్రెసరుకు చాలాసార్లు అంత సత్తా ఉండదు. డేరా హోటల్ దగ్గర లారీ ట్యూబుకి ప్యాచ్ వేసే మనిషి దొరికినా, అల్లాయ్ మీద టైరు మార్చే యంత్రం ఉండదు. అందుకని ఒకే బండి, నలుగురు మనుషులు, హాన్లే దాటి సరిహద్దు వైపు పోయే మట్టి దారి అయితే రిమ్ముతో ఉన్న చక్రమే తీసుకెళ్లాలి. అదే మోడల్ బండ్లు రెండు కలిసి పోతుంటే, రెండు స్టెప్నీలూ ఇద్దరివీ అనుకోవచ్చు. దానికి తోడు ఒక ఉత్త టైరు చాలు. ఈ పద్ధతిని మించినది లేదు, ఖర్చూ తక్కువ.

రిమ్ము పాతది కొంటే నట్ల రంధ్రాల కొలత ఒక్కటే చూసి ఊరుకోకండి. ఫార్చ్యూనర్‌కి 6 నట్లు, అవి ఉండే వలయం వ్యాసం 139.7 మిల్లీమీటర్లు. జిమ్నీకి 5 నట్లు, అదే 139.7. క్రెటాకి 5 నట్లు, 114.3. ఇది కుదిరినా మధ్య రంధ్రం హబ్బుకి పట్టాలి, రిమ్ము లోపలికి బయటికి ఉండే ఆఫ్‌సెట్ సరిపోవాలి, బ్రేకు క్యాలిపర్‌కి తగలకూడదు. కాబట్టి కొన్న రోజే ముందు చక్రం స్థానంలో ఒకసారి, వెనక ఒకసారి బిగించి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఐదు కిలోమీటర్లు నడిపి చూడండి. నట్లు కూడా చూడాలి. టయోటా అల్లాయ్‌లకు చాలావాటికి చదును వాషరున్న నట్టు వస్తుంది, ఇనప డిస్కుకి కోసు తేలిన నట్టు కావాలి. ఏ రిమ్ముకి ఏ నట్టో మాన్యువల్‌లో ఉంటుంది. తప్పు నట్టు బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, వంద కిలోమీటర్ల తర్వాత వదులవుతుంది.

ఎక్కడ పెట్టాలి

లోపల చోటుంటే లోపలే. ఏడు సీట్ల బండిలో నలుగురు పోతుంటే మూడో వరస మడిచి, చక్రాన్ని అడుగున పడుకోబెట్టి, రెండో వరస సీటు వీపుకి ఆనించాలి. దాని మీదే మిగతా సామాను. కట్టకుండా మాత్రం వదలొద్దు. 30 కిలోల చక్రం గట్టి ఢీ సమయంలో 600 కిలోలకు పైగా బలంతో ముందుకు వస్తుంది, సీటు వీపు దాన్ని ఆపుతుందని చెప్పలేం. డిక్కీ నేల మీద ఉండే ఇనప కొక్కేలకు రెండు రాచెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించే పట్టీలు) రిమ్ము మధ్యలోంచి ఇంటూ ఆకారంలో లాగి బిగించండి. పిల్లల సీటు కోసం ఇచ్చిన కొక్కేలు ఇందుకు కాదు. టైరు చుట్టూ పాత దుప్పటి చుడితే సీటు గుడ్డకి మరక అంటదు. కొత్త రబ్బరు వాసన మాత్రం మధ్యాహ్నం అద్దాలు మూసుంటే తలనొప్పి తెప్పిస్తుంది, దానికి మందు లేదు.

టాప్ మీద అంటే ఫొటోలకు బాగుంటుంది. మాన్యువల్ తెరిచి రూఫ్ లోడు ఎంతో చూడండి. చాలా ఎస్‌యూవీలకు 75 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది, క్యారియరు బరువు కూడా అందులోదే. ఇనప క్యారియరే 25, 30 కిలోలుంటే చక్రంతో అరవై దాకా అయింది, ఇక సూట్‌కేసులు పెట్టకూడదు. కొన్ని బండ్లకు టాప్ మీద కనిపించే రెయిళ్లు అలంకారానికే, బరువు మోయవు. అలంకారపు రెయిలు మీద క్యారియరు బిగిస్తే రెండు రోజుల గతుకుల్లో స్క్రూ రంధ్రాల చుట్టూ రేకు చిట్లుతుంది, వాన నీళ్లు లోపలికి కారతాయి. పైన పెట్టిన బరువు మలుపుల్లో బండిని ఊపుతుంది, లేహ్ దారిలోని గాటా లూప్స్ 21 మలుపుల్లో అది నడుము దాకా తెలుస్తుంది. ఇంకోటి, 4,500 మీటర్ల ఎత్తులో, నడిస్తేనే ఆయాసపడే చోట, 30 కిలోల చక్రాన్ని ఒక్కరు పైనుంచి దించలేరు. ఇద్దరు కావాలి, కిందికి జార్చడానికి ఒక తాడు కావాలి.

పైనే కట్టక తప్పకపోతే చక్రాన్ని చదునుగా, రెండు అడ్డ కమ్మీల మీద సమంగా ఆనేలా పడుకోబెట్టండి. రిమ్ము మధ్య రంధ్రంలోంచి పొడవాటి బోల్టు, కింద పైన మందపాటి ఇనప పట్టీ, రెండు నట్లు ఒకదాని మీద ఒకటి. దానిపైన రెండు రాచెట్ బెల్టులు. మొదటి 50 కిలోమీటర్లకు ఆగి మళ్లీ బిగించాలి, తర్వాత రోజూ పొద్దున ఒకసారి. నైలాన్ బెల్టు ఎండకు, రాపిడికి అంచుల దగ్గర పీచులు లేస్తుంది. అలా లేచినదాన్ని నమ్మకండి. లారీ తాడు వానకు సాగుతుంది, చక్రానికి వద్దు. గొలుసు తాళం కూడా వేయండి, రాత్రి హోటల్ బయట చక్రం ఉంటుందో లేదో అన్న బెంగ తగ్గుతుంది.

థార్, జిమ్నీ, బొలెరోల్లో స్టెప్నీ వెనక తలుపు మీదే ఉంటుంది. ఆ మౌంటు మీదే రెండోది కూడా వేలాడదీయడం తరచూ కనిపిస్తోంది. అది ఒక చక్రం బరువుకి కట్టిన కీలు. గతుకుల్లో రెండింతల బరువు ఊగితే మొదట తలుపు వాలుతుంది, లాక్ సరిగ్గా పడదు, గిలగిలా చప్పుడు మొదలవుతుంది, ఆ తర్వాత రేకు చీలుతుంది. రెండోది వెనకే కావాలంటే ఛాసిస్‌కి బిగించిన ఇనప బంపరుకి తిరిగే చేయి పెట్టించాలి. అందులోనూ నంబరు ప్లేటు, వెనక లైట్లు దాచిపెట్టారంటే దారిలో పోలీసులతో పని పడుతుంది.

గాలి, ఎత్తు, చలి

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. గేజి చూపించేది లోపలి పీడనానికీ బయటి వాతావరణ పీడనానికీ మధ్య తేడా. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల పైన, లేహ్ దాదాపు 3,500. ఆ ఎత్తు తేడాకే గేజి మీద 4 పీఎస్ఐ దాకా పెరుగుతుంది. మరోపక్క చలి తగ్గిస్తుంది, ప్రతి పది డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పీఎస్ఐ. హైదరాబాద్‌లో 35 డిగ్రీల ఎండలో కొట్టించిన గాలి మనాలి-లేహ్ దారిలోని సర్చూలో సున్నా డిగ్రీల పొద్దున కొంచెం తక్కువ చూపించొచ్చు, అదే మధ్యాహ్నం ఎండలో నడిచాక ఎక్కువ చూపిస్తుంది. మధ్యాహ్నం చూసి గాలి తీసేసినవాళ్లు మర్నాడు పొద్దున తక్కువ గాలితో రాళ్ల మీదికి వెళ్తారు. గాలి ఎప్పుడైనా పొద్దున, బండి కదలకముందే చూడాలి. రిమ్ముతో ఉన్న స్టెప్నీల్లో మామూలు కంటే 4, 5 పీఎస్ఐ ఎక్కువ ఉంచండి. దించడం సులువు, కొట్టడం కష్టం.

ఇసుకలో తగ్గించినట్టు రాళ్ల దారిలో 20కి దించకండి. తక్కువ గాలికి ట్రెడ్ మెత్తబడి మేకులకు తప్పించుకుంటుంది కానీ సైడ్‌వాల్ బయటికి ఉబ్బి రాళ్లకు చిక్కుతుంది. మామూలు 34 అయితే నెమ్మది నడకకు 28 దాకా, అంతే. తారు రాగానే మళ్లీ కొట్టుకోవాలి. కంప్రెసరును లైటర్ సాకెట్‌కి కాకుండా బ్యాటరీకి నేరుగా తగిలించే మొసలి క్లిప్పులది కొంటే ఫ్యూజు పోదు.

కిట్టులో ప్లగ్ పట్టీలు ఓ పది, ఆకురాయి సూది, దూర్చే సూది, జిగురు, గట్టి కటింగ్ ప్లయరు. వాల్వు పిన్నులు నాలుగు, వాటిని తిప్పే చిన్న పరికరం. మంచి గేజి. బండితో వచ్చే కత్తెర జాకీ రాళ్ల నేల మీద ఒరుగుతుంది, 3 టన్నుల బాటిల్ జాకీ, దాని కింద అడుగు చదరం మందపాటి చెక్క తీసుకెళ్లండి. అయితే బాటిల్ జాకీని ఛాసిస్ లేదా యాక్సిల్ కింద పెట్టే చోటు మీ బండికి ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి. మోనోకాక్ (విడిగా ఛాసిస్ లేని) బండ్లలో అంచు రేకు కింద పెడితే ఒత్తుకుపోతుంది. నట్లు బిగుసుకుంటాయి కాబట్టి రెండడుగుల పిడి ఉన్న పానా. యాంటీ థెఫ్ట్ లాక్ నట్టుంటే దాని తాళం టూల్ సంచిలోనే ఉండాలి, ఇంట్లో బీరువాలో కాదు.

మార్చే క్రమం అందరికీ తెలిసిందే. కొండ దారిలో కలపాల్సినవి కొన్ని. బండిని లోయ వైపు కాకుండా కొండ వైపు ఆపండి, పైనుంచి రాళ్లు రాలే చోటు కాకుండా చూసి. ఎదుటి మూల చక్రానికి రెండు వైపులా రాళ్లు అడ్డుపెట్టండి. చక్రం గాల్లోకి లేవకముందే నట్లు సగం చుట్టు వదులు చేయండి. తీసిన టైరును ఛాసిస్ కింద తోసి ఉంచితే జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. బిగించేటప్పుడు నక్షత్రం గుర్తులా ఎదురెదురు నట్లు, మాన్యువల్‌లో రాసిన టార్క్‌కి (బిగింపు బలానికి). 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి.

సైజు తేడా ఉన్న చక్రం వాడుతున్నప్పుడు తారు మీద ఫోర్ వీల్ డ్రైవు వేయకండి. వెనక లాకింగ్ డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలనూ ఒకే వేగంతో తిప్పేది) ఉన్న బండైతే ఆ బేసి చక్రం ముందు ఉండాలి, వెనక మంచి జత. వెనక టైరు పోతే ఇందుకోసం రెండు చక్రాలు మార్చాలి. విసుగే కానీ డిఫరెన్షియల్ రిపేరు కంటే చవక.

అమెరికాలో ఉండే మనవాళ్లు అలాస్కా డాల్టన్ హైవే ప్లాన్ చేస్తుంటే: అది 414 మైళ్లు, ఎక్కువ భాగం కంకర. రిమ్ములతో సహా కనీసం రెండు నిండు స్పేర్లు ఉండాలని అక్కడి భూ నిర్వహణ శాఖే తన గైడులో చెబుతోంది. మామూలు అద్దె ఎస్‌యూవీని ఆ రోడ్డు మీదికి తీసుకెళ్లడానికి చాలా కంపెనీల కాగితాల్లో అనుమతే ఉండదు. కంకర రోడ్డుకి ఒప్పుకునే వాళ్ల దగ్గరే బండి తీసుకుని, స్పేర్లు ఎన్ని ఇస్తారో ముందే అడగండి.

తిరిగొచ్చాక ఆ రెండో టైరును గ్యారేజీ మూల పడేయకండి. సైడ్‌వాల్ మీద నాలుగు అంకెలుంటాయి, 3523 అంటే 2023లో 35వ వారం తయారీ. వాడకపోయినా రబ్బరు ముదురుతుంది. ఆరేళ్లు దాటిన స్టెప్నీని కొండలకు తీసుకెళ్లకూడదు. అదే బ్రాండు, అదే ప్యాటర్ను అయితే పది వేల కిలోమీటర్లకోసారి టైర్లు మార్చే వరసలో దాన్నీ కలపండి. అలా చేస్తే అన్నీ సమంగా అరుగుతాయి, వచ్చే ట్రిప్పుకి స్టెప్నీ ట్రెడ్ తేడా కూడా ఉండదు.